ప్రతి పెట్టెలోనూ ఏడే

సెప్టెంబరు 4, సోమవారం

వారపత్రిక సంపాదకుడు మళ్ళీ ఫోను చేశాడు. మా పాత ప్రధాన సంపాదకుడు, అదే మన వెండి కళ్ళజోడుకు, ఎనభై నిండుతున్నాయట, ప్రత్యేక సంచిక వేస్తున్నారట. "మీరూ ఆయనతో పనిచేశారు కదా సార్, నాలుగు మంచి మాటలు రాసివ్వండి" అన్నాడు. నాలుగేం ఖర్మ, నలభై రాస్తాను. మంచివో కావో చదివేవాళ్ళు తేల్చుకుంటారు.

పాఠ్యపుస్తకాల సంస్థలో నా నౌకరీ అంతా ఆ మనిషి పక్క గదిలో ప్రూఫులు దిద్దుతూనే గడిచింది. ఆయన రాసిన వాక్యానికి తల ఒకచోట, తోక ఒకచోట ఉండేది. రెండూ అతికించి మనిషి రూపం తెచ్చేవాణ్ణి నేను. అట్ట మీద పేరు ఆయనది. కనీసం లోపలి పేజీలోనైనా ప్రూఫ్ రీడర్ల పేర్లు వేయమని అడిగితే, "అచ్చుతప్పులు వస్తే మీ పేరు పాడవుతుందయ్యా" అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వుకే ఇప్పుడు జవాబు రాయాలి.

మధ్యాహ్నాలు కూర్చుని రాద్దామంటే ఇల్లు ఇల్లులా లేదు. అమ్మాయి, దాని కూతురు పిచ్చుక వచ్చి వర్షాకాలం అంతా అయింది. అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పొద్దున పోతే సాయంత్రం వస్తుంది. పిచ్చుకకు ఒంటిపూట బడి. మధ్యాహ్నం నుంచి నా నెత్తిన. అల్లుడిగారి గురించి ఇక్కడ రాయను, కాగితం దండగ.

మా ఆవిడ పోయాక తాళం వేసిన గది వాళ్ళకు తీసి ఇచ్చాను. ఇవ్వక చస్తానా.

సెప్టెంబరు 5, మంగళవారం

బడి నుంచి చీటీ వచ్చింది. గుణకారం పరీక్షలో పిచ్చుకకు సున్నా. ఇరవై రెండో తారీకున మళ్ళీ పరీక్ష పెడతారట. అందులోనూ తప్పితే లెక్కల పిరియడులో రెండో తరగతి పిల్లల మధ్య కూర్చోబెడతారట. అదీ ఏడాదంతా.

"నువ్వు కాస్త చూడు నాన్నా. నేనొచ్చేసరికి అది నిద్రకు తూగుతుంది" అంది అమ్మాయి.

"నాకు వ్యాసం ఉంది."

"నీ వ్యాసం ఎక్కడికీ పోదు. అది కొత్త బడిలో చేరి మూడు నెలలు కాలేదు. మాట్లాడేది ఒక్క పిల్లతో, ఆ రెండు జడల పిల్లతో. వేరే బెంచీలో కూర్చోబెడితే మళ్ళీ నోరు కట్టేసుకుంటుంది. తెలుసుగా, వచ్చిన కొత్తలో ఎట్లా ఉండేదో."

తెలుసు. నీళ్ళు కావాలన్నా గ్లాసు చూపించేది.

ఒక్కరోజు చూస్తానన్నాను. ఒక్కరోజే.

సెప్టెంబరు 6, బుధవారం

ఇంత ఆనందం ఈ ఇంట్లోకి వచ్చి ఎంత కాలమైందో!

పిచ్చుక లెక్కల పుస్తకం తెరిచాను. మూడో తరగతి గణితం. అట్ట మీద ప్రధాన సంపాదకుడు ఎవరయ్యా అంటే సాక్షాత్తూ మన వెండి కళ్ళజోడు. మనిషి ఎప్పుడో రిటైరయినా పేరు మాత్రం రిటైరు కాలేదు. గుణకారం అభ్యాసం పేజీ చూడగానే నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. 7 × 6 = 48. 7 × 4 = 36. 3 × 7 = 15. మూడేళ్ళు పదిహేనట! పేజీ నిండా ఇదే వరస. నా పిచ్చుక ప్రతి తప్పునూ చక్కగా కొట్టేసి పక్కన సరైన జవాబు వేసింది. 42, 28, 21. పొద్దున పేపరు చదువుతూ నేను ఎర్ర పెన్సిలుతో ఎట్లా కొట్టి దిద్దుతానో, అచ్చం అట్లాగే అంచులో చిన్న గీత కూడా పెట్టింది.

"ఇవన్నీ నువ్వే పట్టుకున్నావా?" అన్నాను.

"ఊఁ. పుస్తకం నిండా తప్పులే తాతయ్యా."

"శభాష్. అచ్చయిందల్లా నిజమని నమ్మేవాళ్ళకు సున్నా వేయాలి, నీకు కాదు. పుస్తకమే తప్పు. నువ్వు రైటు."

దాని మొహం వెలిగిపోయింది. ప్రధానోపాధ్యాయురాలికి వెంటనే ఉత్తరం రాశాను. మూడు పేజీలు. విద్యాసంస్థల పతనం గురించి ఒక పేరా, ప్రధాన సంపాదకులు ఎట్లా తయారవుతారన్న దాని మీద రెండు పేరాలు. వ్యాసానికి కూడా మంచి ముగింపు దొరికింది.

సెప్టెంబరు 7, గురువారం

ఉత్తరం పిచ్చుక చేతికే ఇచ్చి పంపాను. మధ్యాహ్నం ఎగురుకుంటూ వచ్చింది. "మా క్లాసులో అందరికీ చెప్పాను తాతయ్యా, పుస్తకం తప్పని మా తాతయ్య చెప్పాడని. రెండు జడల పిల్ల కూడా దాని పుస్తకంలో కొట్టేసింది."

ఒక పాఠకురాలు తయారయింది. ఉద్యమం అంటే ఇట్లాగే మొదలవుతుంది.

వ్యాసం ఆరు పేజీలు.

సెప్టెంబరు 9, శనివారం

సోమవారం వచ్చి కలవమని టీచరు కబురు. తప్పకుండా కలుస్తాను. ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాను.

సెప్టెంబరు 11, సోమవారం

బడికి వెళ్ళి వచ్చాను. ఎండగా ఉంది.

సెప్టెంబరు 12, మంగళవారం

నిన్న రాయలేదు. రాయకుండా ఉంటే జరగనట్టు అయిపోతుందా? కాదు గనక రాస్తున్నాను.

టీచరు చిన్నపిల్ల. నా కూతురికన్నా చిన్నది. మూడో తరగతి గది ఖాళీగా ఉంది. "కూర్చోండి తాతగారూ. ఆ బెంచీ మరీ కిందికి ఉంటుంది, మోకాళ్ళు జాగ్రత్త" అంది. కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఆ భంగిమలో ఎవరూ వాదనలో గెలవలేరు.

"మీ ఉత్తరం చదివాం. మా హెడ్ మేడం రెండుసార్లు చదివించుకున్నారు. భాష చాలా బాగుందండీ."

"విషయం?"

ఆమె అలమరలోంచి కొత్త పుస్తకం తీసి ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. ఎవరూ ఏమీ రాయని పుస్తకం.

□ × 6 = 48. □ × 4 = 36. 3 × □ = 15.

నేను ఇంట్లో చూసిన ఏడు అచ్చయిన ఏడు కాదు. పిచ్చుక రాసిన ఏడు. ఖాళీ పెట్టెలో అంత పొందిగ్గా, గుండ్రంగా, అచ్చులా రాసింది. జీవితమంతా అక్షరాలు చూసి బతికినవాణ్ణి, సిరాకూ పెన్సిలుకూ తేడా తెలియనివాణ్ణి కాదు. అట్ట మీది పేరు చూసి లోపలికి వెళ్ళాను. ఇంకేం కనిపిస్తుంది?

"తెలియని సంఖ్య కనుక్కోవడం ఈ పాఠం" అంది టీచరు, మెల్లిగా. "పరీక్షలోనూ ఇంతే, ఎనిమిదికి బదులు ఏడు వేసింది. అది పొరపాటే అనుకుందాం. కానీ జవాబు కొట్టేసి మార్చేస్తే నేనేం అనుకోవాలండీ? తలబిరుసు అనుకున్నాను. ఇప్పుడు క్లాసులో సగం మంది పుస్తకాలు కొట్టేస్తున్నారు. 'పిచ్చుక వాళ్ళ తాతయ్య చెప్పాడు' అంటున్నారు."

నేను క్షమించమని అనలేదు. "ఇరవై రెండున పరీక్ష కదా" అన్నాను.

"అవునండీ. మీ అమ్మాయి పరిస్థితి తెలుసు. నా చేతిలో ఉన్నది ఆ ఒక్క పరీక్షే."

లేవడానికి చెయ్యి ఇచ్చింది. ఆ చెయ్యి పట్టుకోకుండా లేవలేకపోయాను.

ఇంటికొచ్చాక పిచ్చుకను అడిగాను. "అన్ని పెట్టెల్లోనూ ఏడే ఎందుకు వేశావు?"

నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది. "టీచరే చెప్పిందిగా. బోర్డు మీద పెట్టె గీసి, పెట్టె ఇంటూ ఐదు ముప్పై అయిదు అని రాసి, పెట్టెలో ఎవరు దాక్కున్నారో చెప్పండి అంది. అందరం ఏడు అన్నాం. అవును, పెట్టెలో ఏడుంది అంది."

"అది ఆ లెక్కకు."

"పెట్టె అదేగా తాతయ్యా."

ఆ తర్వాతదంతా గొలుసు. పెట్టెలో ఏడుందని టీచరు చెప్పింది. ఆరేళ్ళు నలభైరెండు అని ఎక్కం చెప్పింది. అచ్చులో ఉన్నది తప్పు కావచ్చునని రోజూ పొద్దున నా ఎర్ర పెన్సిలు చెప్పింది. మూడు మాటలూ విన్న పిల్లకు సున్నా.

సెప్టెంబరు 13, బుధవారం

చెప్పాలి. భోజనం అయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత, నిద్ర లేచాక అనుకున్నాను. చివరికి పిచ్చుకే పుస్తకం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

"పిచ్చుకా, ఈ పుస్తకం రైటే."

వెండి కళ్ళజోడు పుస్తకాన్ని నేను నా నోటితో రైటన్నాను. ఇది ఎవరూ వినలేదు, ఒక్క ఎనిమిదేళ్ళ పిల్ల తప్ప. చాలదూ?

"మరి తప్పని ఎందుకు చెప్పావు?"

"నాకు దాని మీద కోపం."

"పుస్తకం మీదా?"

"అట్ట మీద పేరుందే, ఆయన మీద."

"నిన్ను కొట్టాడా?"

"లేదు."

"నీ పెన్సిలు తీసుకున్నాడా?"

"అట్లాంటిదే అనుకో."

"మరి నేను అందరికీ చెప్పేశానుగా" అంది. ఏడవలేదు. పుస్తకం మూసి, అట్ట మీద ఆ పేరు మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఏడ్చినా బాగుండేది.

సెప్టెంబరు 14, గురువారం

ఆరు కప్పులు బోర్లించి ఒక్కో కప్పు కింద ఎనిమిదేసి గుండీలు పెట్టాను. అన్నీ తీసి లెక్కపెట్టించాను, నలభై ఎనిమిది. "ఇప్పుడు కప్పు కింద ఎన్ని?" "ఎనిమిది." "మరి పెట్టెలో?" "ఏడు." "ఎందుకమ్మా?" "ఇది కప్పుగా తాతయ్యా. అది పెట్టె."

వాదనలో నేనెందుకు ఎప్పుడూ ఓడిపోతానో ఇప్పటికి తెలిసింది. ఇది వంశంలోనే ఉంది.

సెప్టెంబరు 15, శుక్రవారం

వ్యాసం ముట్టుకోలేదు. ఫోను ఎత్తలేదు.

సెప్టెంబరు 16, శనివారం

పూర్వం గణితజ్ఞులు తెలియని సంఖ్యలు ఒకటికన్నా ఎక్కువ ఉంటే వాటికి రంగుల పేర్లు పెట్టేవారు. నలుపు, నీలం, పసుపు. పాత పుస్తకంలో ఎక్కడో చదివింది ఇవాళ పనికొచ్చింది. ఒక్కో లెక్కలో పెట్టెకు ఒక్కో రంగు వేయించాను. నీలం పెట్టెలో ఎవరు, పసుపు పెట్టెలో ఎవరు? గడగడా చెప్పేసింది! ఆరెనిమిదులు నలభై ఎనిమిది, నీలంలో ఎనిమిది. మూడైదులు పదిహేను, పసుపులో ఐదు. దీనికి ఎక్కాలు పాటలా వచ్చు. జవాబు వచ్చేదాకా ఎక్కం ఎక్కుతూ పోవడమే, ఆగినచోట ఎవరుంటే వాళ్ళే.

సంబరపడి సాయంత్రం అమ్మాయికి చూపించాను. అమ్మాయి చేతులు కడుక్కుంటూ విన్నది. "పరీక్షలో రంగు పెన్సిళ్ళు ఇస్తారా నాన్నా?" అంది.

రంగు లేని పెట్టె గీసి అడిగాను. పిచ్చుక అందులో ఏడు వేసింది.

సెప్టెంబరు 17, ఆదివారం

అమ్మాయికి సెలవు. బట్టలు ఆరేస్తూ అంది: "పోనీలే నాన్నా, రెండో తరగతిలో కూర్చుంటే కూర్చుంటుంది. నువ్వు దాన్ని విసిగించకు. నిన్నూ విసిగించుకోకు."

"కూర్చోదు."

"నువ్వు చిన్నప్పుడు నాకెప్పుడైనా లెక్కలు చెప్పావా?"

"నీకు మీ అమ్మ చెప్పేది."

తడి దుప్పటి రెండో కొస నేను పట్టుకున్నాను.

సెప్టెంబరు 19, మంగళవారం

పరీక్షకు మూడు రోజులు. పిచ్చుకను తీసుకుని బ్రెడ్డు కొనడానికి కిందికి దిగాను. మా మేడ కింద కొట్టు ఉంది. ఆవిడ ఉన్నప్పుడు అందులో టైలరు ఉండేవాడు, ఇప్పుడు జిరాక్సు మిషను పెట్టారు. చూడగానే నాకు తట్టింది.

"ఈ కొట్లో ముందు ఎవరుండేవారో తెలుసా? టైలరు. షట్టరు అదే, గోడలు అవే. ఇప్పుడు లోపల ఎవరు?"

"జిరాక్సు అంకుల్."

"మరి కొట్టు అదేగా?"

అక్కడే నిలబడిపోయింది. దారికి అడ్డంగా ఉన్నామని ఎవరో విసుక్కున్నారు. విసుక్కోనీ.

"టైలరు ఎక్కడికి పోయాడు తాతయ్యా?"

"వెనక వీధికి."

"అక్కడా టైలరేనా?"

"అక్కడా టైలరే."

బ్రెడ్డు కొనుక్కుని తిరిగి మెట్లెక్కాం. ఇంట్లోకి వచ్చి బ్రెడ్డు బల్ల మీద పెట్టి, తాము పడుకునే గది గుమ్మంలో నిలబడింది.

"ఇది అమ్మమ్మ గది కదా?"

"అవును."

"ఇప్పుడు మేమున్నాం కదా. మరి అమ్మమ్మ తప్పయిపోయిందా? కొట్టేశారా?"

ఇన్నాళ్ళూ దాని సంగతి నాకు అర్థం కాలేదు. తెలియక కాదు అది ఏడును పట్టుకుని వేలాడింది. ఒకసారి రైటని అందరూ ఒప్పుకున్నదాన్ని తీసేసి, అదే చోట ఇంకొకరిని కూర్చోబెట్టమంటే దానికి చెయ్యి రావడం లేదు. ఈ ఏడాది దాని ఇల్లు మారింది, బడి మారింది, పొద్దున జడ వేసే చెయ్యి కూడా ఒక్కోరోజు మారుతోంది. ఎవరినీ ఇంక తీసేయదలుచుకోలేదు.

"లేదు తల్లీ" అన్నాను. "అమ్మమ్మ లెక్క అమ్మమ్మదే. అది రైటుగానే ఉంది. దాన్నెవరూ కొట్టేయలేదు. ఇది వేరే లెక్క. ఈ లెక్కలో మీరు."

"ఏడుది కూడా అంతేనా?"

"అంతే. ఐదు పక్కన ముప్పై అయిదు ఉన్నచోట ఏడు ఎప్పటికీ ఏడే. ఇక్కడ ఆరు, నలభై ఎనిమిది ఉన్నాయి. వీళ్ళను అడిగితే లోపల ఎవరున్నారో వీళ్ళే చెబుతారు."

పుస్తకం తెచ్చుకుంది. పెదాలతో ఆరో ఎక్కం ఎక్కింది. రంగు లేని పెట్టెలో ఎనిమిది వేసింది. నా వైపు చూడలేదు. తర్వాతి లెక్కకు వెళ్ళింది.

నేను వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగాను. దాహమేమీ లేదు.

సెప్టెంబరు 20, బుధవారం

ఇవాళ అది నాకు పరీక్ష పెట్టింది. □ × 9 = 54. నేను కావాలని తొమ్మిది అన్నాను. "అయ్యో తాతయ్యా, పక్కన ఎవరున్నారో చూడకుండా చెప్పేస్తే ఎట్లా?" అంది.

అచ్చం మా ఆవిడ గొంతు.

సెప్టెంబరు 22, శుక్రవారం

టీచరు పిచ్చుకను ఒక్కదాన్నే మూడో తరగతి గదిలో కూర్చోబెట్టి కాగితం ఇచ్చింది. మిగతా పిల్లలు ఆటలకు పోయారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చుంటానని చెప్పి, కిటికీ దగ్గర నిలబడ్డాను.

మొదటివి చకచకా రాసింది. ఒకచోట ఆగింది. రాసింది, చెరిపింది. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టింది. మళ్ళీ రాసి మళ్ళీ చెరిపింది. ఎన్నో ప్రూఫులు ప్రెస్సుకు పంపాను, ఏ రాత్రీ ఇంతగా భయపడలేదు. కిటికీ ఊచ పట్టుకుని అక్కడే ఉన్నాను. చివరికి ఏదో రాసి, పెన్సిలు పక్కన పెట్టింది.

టీచరు అక్కడే దిద్దింది. ఒకటి తప్ప అన్నీ రైటు. తొమ్మిదో ఎక్కంలో తడబడింది. బయటికొచ్చి, "సోమవారం నుంచి దాని బెంచీలోనే, రెండు జడల పిల్ల పక్కనే" అంది టీచరు. నా మూడు పేజీల ఉత్తరం వెనక్కిమ్మని అడిగాను. "మేడం ఇవ్వరండీ. కోపం వచ్చినప్పుడు తీసి చదువుకుంటున్నారు" అంది. నవ్వింది. నేనూ నవ్వాను కాబోలు. "మీ క్లాసుకు వచ్చి పుస్తకం రైటేనని పిల్లలకు నేనే చెబుతాను" అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు.

"ఆ బెంచీ మీద కూర్చుని చెప్పాలి మరి" అంది.

దారిలో పిచ్చుక నా చూపుడు వేలు పట్టుకుంది. "ఒకదాంట్లో నిజంగానే ఏడు ఉంది తాతయ్యా. ఎనిమిది ఇంటూ పెట్టె, యాభై ఆరు. నాకు భయమేసింది. మళ్ళీ ఏడే వేస్తోందని టీచరు తిడుతుందేమోనని చెరిపేశాను."

"తర్వాత?"

"ఎక్కం మొత్తం మళ్ళీ చదివాను. ఎవరు వద్దన్నా అక్కడ ఏడే. రాసేశాను."

నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. రోడ్డు దాటాలి, బళ్ళు వస్తున్నాయి.

సెప్టెంబరు 25, సోమవారం

సంపాదకుడు ఫోను చేశాడు. సంచికకు ఆఖరు తేదీ దాటిపోయిందట. పోనివ్వమన్నాను. "మీకు ఆయనంటే ఇంకా కోపమేనా సార్?" అన్నాడు. కోపం ఎందుకు ఉండదు? ఉంది. బోలెడు ఉంది. నిదానంగా కోపపడతాను.

సెప్టెంబరు 27, బుధవారం

భాగహారం మొదలైంది. మిగిలిన శేషాన్ని ఏం చేస్తారని అడుగుతోంది. రాయడానికి తీరిక లేదు.